తోయకుండా ఇల్లు చేరాల్సిన ఎర్రకారు

మెకానిక్కు బండి కింద పడుకుంటాడు. ఆటో ఎలక్ట్రీషియను బండి లోపల తలకిందులుగా పడుకుంటాడు. తల బ్రేకు పెడలు దగ్గర, నడుము సీటు మీద, కాళ్ళు తలుపు బయట. కడపలో నా అంగడి ముందు నుంచి రోజూ పోయేవాళ్ళలో సగం మందికి నా ముఖం కన్నా నా పాదాలే బాగా తెలుసు. ఒక పెళ్ళిలో ఒకాయన నన్ను ఎంతసేపు చూసినా గుర్తుపట్టలేదు. చెప్పులు విడిచి భోజనానికి కూర్చోగానే "అరే, మస్తానన్నా, నువ్వా!" అన్నాడు. అంత పేరు సంపాదించుకున్నాక అంగడి మూసేశాను.

ఇప్పుడు ఐటీఐ చదివి ఈ పనిలోకి దిగుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి నాలుగు మాటలు చెప్పమంటారు. పని మీ సార్లు నేర్పించారు. తప్పు ఎక్కడుందో స్కానరు చెబుతుంది. ఆ రెండూ చెప్పనివే నేను చెప్పగలను. వాటిలో సగం మా ఉస్తాదు దగ్గర నేర్చుకున్నవి, మిగతా సగం ఒక ఎర్రకారు నేర్పింది.

పక్క సీటు

నేను పని నేర్చుకుంది కర్నూల్లో. మా ఉస్తాదు ఆదోని వైపు మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కోపంగా ఉండేవాడు. ఆ కోపం మా మీద కాదు, టేపు మీద. ఎవరైనా రెండు వైర్లను మెలిపెట్టి, పైన టేపు చుట్టి చేతులు దులుపుకుంటే, ఆ ముక్కను కత్తిరించి వాడి చెవికి కమ్మలాగా తగిలించేవాడు. సాయంత్రం దాకా తీయకూడదు. టీ తాగడానికి పోయినా దాంతోనే పోవాలి. నేను చాలా రోజులు కమ్మలతో తిరిగాను. నా జాయింట్లు ఈ రోజుకీ ఊడకపోవడానికి కారణం అదే.

ఒకసారి ఒక రైతు జీపు తెచ్చాడు. లైట్లు వాటంతటవే ఆరిపోతాయి, కాసేపటికి వాటంతటవే వెలుగుతాయి. అప్పటికే ఎవరో స్విచ్చి మార్చారు, ఫ్యూజులు మార్చారు, చివరికి బల్బులు కూడా మార్చారు. రైతు తన బాధంతా వెళ్ళబోసుకున్నాడు. ఉస్తాదు అంతా విని, పక్క సీట్లో కూర్చున్న వాళ్ళమ్మ వైపు తిరిగాడు.

"అవ్వా, నీకేమన్నా తెలుసునా?"

"నాకేం తెలుస్తాదప్పా. మోకాళ్ళు నొప్పులని కాళ్ళు చాపితే సాలు, చీకటైతాది. నా కాళ్ళకు ఏదో దోషముండాదని గమ్మునుంటాండా."

ఉస్తాదు ఆమె కాళ్ళ కింది మ్యాటు ఎత్తాడు. కింద వైరు తోలు ఊడి, రాగి బయటపడి ఉంది. అవ్వ కాళ్ళు చాపినప్పుడల్లా అది రేకుకు తగిలి లైట్ల కటౌటు వేడెక్కి పడిపోతోంది, చల్లారాక మళ్ళీ అందుకుంటోంది. అవ్వ కాళ్ళ దోషం అక్కడికక్కడే పోయింది. ఆమె సంతోషం పట్టలేక ఉస్తాదు తల మీద చేయి పెట్టి దీవించింది.

ఆ రోజు ఉస్తాదు మాతో అన్నాడు: "తోలేటోనికి దోవ కనపడతాది. పక్కన కూచున్నోళ్ళకు బండి కనపడతాది. ఇద్దర్నీ అడగల్ల."

ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఇన్నేళ్ళు బతికాను. ఎర్రకారు దగ్గర మాత్రం సగమే పాటించాను.

మన నీళ్ళు, మన దుమ్ము

కారు సంగతికి పోయేముందు ఒకటి చెప్పి తీరాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. బ్యాటరీలో బోరు నీళ్ళు పోయకండి. మన బోరు నీళ్ళు ఎట్లాంటివో మీ ఇంట్లో గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పెచ్చును చూస్తే తెలుస్తుంది. అదే బ్యాటరీలో పేరుకుంటుంది. "బాటిలు నీళ్ళు అయిపోయినాయి భాయ్, మంచి నీళ్ళే పోసినా" అని గర్వంగా చెప్పే డ్రైవర్లను చూశాను. వాళ్ళ బండ్లను తోసినవాళ్ళనూ చూశాను.

రెండోది దుమ్ము. బండలు పాలిషు చేసే ఫ్యాక్టరీల ముందు తిరిగే బండ్లలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటరును విప్పితే పిండిమరలో విప్పినట్టు ఉంటుంది. ముందు ఊదండి, తర్వాత మీటరు పెట్టండి. బుర్ర పెట్టడం ఆ తర్వాత. చాలా కేసులు ఊదడంతోనే అయిపోతాయి. ఇది ఏ చదువులోనూ లేదు.

దేవదానం గారి మొండితనం

ఎర్రకారు వేంపల్లె నుంచి లారీ మీద వచ్చింది. లారీ మీద కట్టేసిన తాళ్ళు విప్పుతుంటే అంగడి వీధి అంతా వచ్చేసింది. పాతకాలపు ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు, పైన టాపు లేదు. ముందు లైట్లు రెండూ ఆశ్చర్యపోయిన కళ్ళ మాదిరి బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. అంత అందమైన వస్తువు మా వీధిలోకి ఎప్పుడూ రాలేదు. అవతలి అంగడిలో లేతు మిషను నడిపే ఓబులేసు మిషను ఆపకుండానే పరుగెత్తుకొచ్చి, మళ్ళీ ఆపడానికి పరుగెత్తాడు.

కారు దేవదానం గారిది. ఆయన ముగ్గురాయి గనిలో ఫోర్‌మనుగా చేసి రిటైరయ్యాడు. ఈయన పెళ్ళికి ముందే గని మేనేజరు ఒకాయన ఊరు వదిలిపోతూ ఆ కారును ఈయనకు ఇచ్చి పోయాడు. అప్పటి నుంచి ఈయన దాన్ని కన్నబిడ్డకన్నా ఎక్కువగా చూసుకున్నాడు. వెంట భార్య రూతమ్మ టీచరు కూడా వచ్చింది. ఆమె చేతిలో బొరుగుల ఉగ్గాని డబ్బా, ముఖం మీద నవ్వు.

"మస్తానూ, ఈ బండి ఒక్కపారి, ఒక్కటంటే ఒక్కపారి, తోయకుండా చర్చి కాన్నుంచి ఇంటికి పోవాల. అంతే నాకు కావాల్సింది" అన్నాడు దేవదానం గారు.

కథంతా చెప్పాడు. వాళ్ళ పెళ్ళి రోజు సాయంత్రం చర్చి నుంచి ఇంటికి మెరవణి. ముందు బ్యాండు మేళం, వెనక ఈ కారులో కొత్త జంట. దర్జాగా లైట్లు వేశాడు, హారను మోగించాడు. మూడు దోవలు కలిసేచోట కారు లైట్లతో సహా ఆరిపోయింది. సూటూ బూటూ వేసుకున్న పెళ్ళికొడుకు దిగి కారు తోసుకుంటూ అత్తామామల ముందు నుంచి పోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏ పెళ్ళికి పోయినా, ఏ చావుకు పోయినా, రూతమ్మ తమ్ముడు సామ్యేలు అదే అడుగుతాడు: "బావా, నడిచొచ్చినావా, తోసుకొని వచ్చినావా?"

ఇప్పుడు ఆ పెళ్ళికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. చర్చిలో ఆరాధన, అక్కణ్ణుంచి అదే దోవలో, అదే కారులో, మళ్ళీ మెరవణి. సామ్యేలుకు అప్పుడే కబురు అందిందట. తాడు తీసుకొని వస్తానన్నాడట.

"ఈమెకు ఆ పొద్దు జరిగిన అవమానం నేను తీర్చాలప్పా" అన్నాడు దేవదానం గారు. డెబ్బై దాటిన మనిషి, గనిలో వందమందిని ఆడించిన మనిషి, నా అంగడి స్టూలు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. 

రూతమ్మ ఏదో చెప్పబోయింది. "మస్తానూ, నాదొక మాట..."

"నీకేం తెలుసు కరెంటు సంగతి? గమ్మునుండు" అన్నాడాయన.

నేను అప్పటికే తలకిందులుగా కారులోకి దూరిపోయాను. కొత్త బండి కనపడితే నాకు చెవులు పనిచేయవు. ఆమె నవ్వి ఉగ్గాని డబ్బా మూత తీసింది.

తప్పు పట్టడానికి స్కానరు అక్కర్లేదు. ఆ కారులో ఉన్నది డైనమో. అది పాతకాలపు కరెంటు యంత్రం. ఇంజను జోరుగా తిరిగితే కరెంటు ఇస్తుంది, నెమ్మదిగా తిరిగితే చేతులు కట్టుకొని కూర్చుంటుంది. గనికి రోడ్డు మీద వేగంగా పోయినన్నాళ్ళూ దానితో పేచీ లేదు. మెరవణిలో మనిషి నడక కన్నా నెమ్మది. పైగా లైట్లు, హారను. అవన్నీ బ్యాటరీని తినేస్తాయి, తిన్నది తిరిగి పెట్టేవాడు లేడు. ఆల్టర్నేటరు అయితే ఇంజను నిలబడి గురగురమంటున్నా కరెంటు ఇస్తూనే ఉంటుంది.

ఈ సంగతి ఆయనకు నా కన్నా ముందు చాలామంది చెప్పారు. ఆయన వినలేదు. కంపెనీ బిగించిన ఒక్క బోల్టు కూడా మార్చనని పట్టు. ఇప్పుడు కూడా పాత డైనమోను విప్పుతుంటే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను దాన్ని తుడిచి, పాత దుప్పటిలో చుట్టి ఆయన ఒళ్ళో పెట్టాను. సాయంత్రం దాకా దాన్ని దించలేదు.

తిరగబడిన ప్లస్సు

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. ఆ కాలపు ఇంగ్లీషు కార్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్సును బాడీకి కలిపేవాళ్ళు. మన బండ్లన్నిటికీ బాడీకి కలిపేది మైనస్సు. ఈనాటి ఆల్టర్నేటరును అట్లాగే తెచ్చి ఆ కారులో పెడితే, తగిలించిన క్షణంలోనే దాని డయోడ్లు మాడిపోతాయి. అందుకని ముందు కారునే మార్చాలి. బ్యాటరీని తిప్పి, కాయిలు వైర్లను అటుదిటు ఇటుదటు చేయాలి.

ఓబులేసు నోరు తెరిచాడు. "అయితే ఈ కారు ఇన్నేండ్లు తిరకాసుగా తిరుగుతాండెనా అన్నా?"

"దాని లెక్కలో మనమే తిరకాసు" అన్నాను.

ఒక చిన్న కారు ఆల్టర్నేటరు దొరికింది. దాన్ని ఆ ఇంజను మీద నిలబెట్టడానికి ఇనుప బ్రాకెట్టు కావాలి. ఓబులేసు దాన్ని లేతు మీద తిప్పి, గీకి, మళ్ళీ తిప్పి, ముద్దొచ్చేటట్టు చేశాడు. పుల్లీలు రెండూ ఒకే వరుసలో లేకపోతే ఫ్యాను బెల్టు పక్కకు ఊడుతుంది. అందుకని దారం పట్టి చూశాం, కన్ను మూసి చూశాం, పడుకొని కూడా చూశాం. ఇక పాత వైరు. డైనమో ఇచ్చే కొద్దిపాటి కరెంటుకు అది సరిపోయేది, ఆల్టర్నేటరు ఇచ్చేదానికి కాలిపోతుంది. కొత్త యంత్రం పెట్టి పాత వైరు వదిలేసేవాళ్ళను నేను మనుషుల్లో లెక్కపెట్టను. వేలంత లావు వైరు లాగి నేరుగా బ్యాటరీకి కలిపాను.

ఆ కారులో నాకు నచ్చిన ఇంకో సంగతి ఉంది. తాళం స్టీరింగు దగ్గర కాకుండా డ్యాష్‌బోర్డు నడిమధ్యలో ఉంటుంది; తాళం ఇంజనుకే, లైట్లకు వేరే స్విచ్చి. తోలేవాడికి ఎంత దూరమో పక్క సీటుకూ అంతే దూరం. ఇంగ్లీషోళ్ళు సంసారం తెలిసినవాళ్ళని ఆ రోజు అనుకున్నాను.

బంతిపూలు

మొదటిసారి స్టార్టు చేసే రోజు అందరం స్నానాలు చేసి వచ్చాం. దేవదానం గారు కళ్ళు మూసుకొని ప్రార్థన చేశాడు. నేను బిస్మిల్లా అన్నాను. ఓబులేసు కొబ్బరికాయ కొట్టాడు. అంతవరకూ బాగుంది. కానీ మేం కళ్ళు మూసుకున్నప్పుడు ఓబులేసు కళ్ళు తెరిచే ఉన్నాడు. తను చేసిన బ్రాకెట్టు మీద మమకారం కొద్దీ దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, జానెడు బంతిపూల దండ కట్టాడు. ఆయుధపూజకు లేతు మిషనుకు ఎట్లా కడతాడో అట్లాగే. లేతుకు కట్టినప్పుడు ఆ రోజంతా మిషను నడపరు కదా, ఆ తేడా వాడికి తట్టలేదు.

దేవదానం గారు తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. బెల్టు దండను అందుకుంది.

తర్వాత జరిగింది నేను సరిగా చెప్పలేను. బానెట్టు లోపల్నుంచి బంతిరేకులు ఫౌంటెన్ మాదిరి లేచాయి. నా నోట్లో పడ్డాయి, రూతమ్మ ఉగ్గానిలో పడ్డాయి, అవతల టీ అంగడి పాలగిన్నెలో పడ్డాయి. దారం చుట్టుకొని బెల్టు టప్పున ఊడి పోయి వీధి కుక్క మీద పడింది. అది కారును చూసి ఆ తర్వాత వారం రోజులు మొరిగింది. రూతమ్మ నవ్వి నవ్వి బెంచీ మీదికి ఒరిగిపోయింది. "పెండ్లికి కూడా నా మీద ఇన్ని పూలు పడలేదు" అంది.

బెల్టు మళ్ళీ ఎక్కించి స్టార్టు చేశాం. ఈసారి దేవదానం గారు కెవ్వుమన్నాడు. "మస్తానూ, ముల్లు మైనస్సు పక్కకు పోతాండాది! దిగిపోతాండాది!" గబుక్కున తొంగి చూశాను. అంతా తిప్పాను గానీ కరెంటు మీటరు వైర్లు తిప్పడం మర్చిపోయాను. చార్జి ఎక్కుతుంటే అది దిగుతున్నట్టు చూపిస్తోంది. రెండు నట్లు విప్పి అటుదిటు చేసేసరికి ముల్లు ప్లస్సు వైపు ఒరిగి నిలబడింది. ఇంజను నిదానంగా గురగురమంటోంది. లైట్లు వేశాం, హారను నొక్కి పట్టాం. ముల్లు ప్లస్సులోనే ఉంది. దేవదానం గారు నన్ను కౌగిలించుకున్నాడు. ఓబులేసు నన్నూ ఆయన్నూ కలిపి కౌగిలించుకున్నాడు. నా జీవితంలో అంత ఆనందంగా పని ముగించింది లేదు.

మెరవణి

నన్నూ ఓబులేసునూ వేంపల్లెకు పిలిచారు, పోయాం. చర్చి నుంచి బయటికి రాగానే సామ్యేలు కనపడ్డాడు. పులివెందుల పక్క అరటితోట ఉన్న మనిషి. భుజాన నిజంగానే మోకుతాడు ఉంది. "మస్తాను అంటే నువ్వేనా? పాపం, మంచోని మాదిరుండావే" అన్నాడు.

బ్యాండు మొదలైంది. చీకటి పడబోతోంది. దేవదానం గారు అదే సూటు వేసుకున్నాడు, గుండీలు మాత్రం కలవలేదు. పక్కన రూతమ్మ తెల్ల పట్టుచీరలో ఉంది. లైట్లు వేశాడు. కారు మనిషి నడక కన్నా నెమ్మదిగా బ్యాండు వెనక పాకింది. నేను బానెట్టు పక్కనే నడిచాను, బిడ్డ మొదటి అడుగులు వేస్తుంటే పక్కన నడిచినట్టు. ప్రతి ఇంటి ముందూ ఆపారు, ప్రతి ఇంటి ముందూ హారను కొట్టారు. లైట్లు రవ్వంత కూడా తగ్గలేదు.

మూడు దోవలు కలిసేచోటికి వచ్చాం. దేవదానం గారు అక్కడ కావాలనే కారు నిలబెట్టాడు. ఇంజను నడుస్తూనే ఉంది. "చూడరా సామ్యేలూ, ఎంతసేపు నిలబెట్టమంటావో చెప్పు!" అని హారను నొక్కి పట్టాడు. బ్యాండువాళ్ళే తమ మేళం ఆపి విన్నారు. సామ్యేలు తాడు నేలమీద పడేశాడు. జనం చప్పట్లు. నాకు ఛాతీ ఉబ్బి చొక్కా బిగుతైంది.

సరిగ్గా అప్పుడు ఇంజను ఆగిపోయింది.

నా గుండె కూడా దానితోపాటే ఆగింది. చప్పట్లు ఆగాయి. సామ్యేలు వంగి తాడు తీసుకున్నాడు. దేవదానం గారి ముఖం చూడలేకపోయాను.

"ఓబులేసూ, మళ్ళా పూలు కట్టినావా?" అని అరిచాను.

"అమ్మతోడు లేదన్నా!"

బానెట్టు ఎత్తాను. బెల్టు బాగుంది, వైర్లు బాగున్నాయి. అప్పుడు తట్టింది. ముందు లైట్లు దివ్యంగా వెలుగుతూనే ఉన్నాయి. బ్యాటరీలో అంత బలం ఉంటే ఇంజను ఎందుకు ఆగినట్టు? బానెట్టు దించి లోపలికి చూశాను. డ్యాష్‌బోర్డు మధ్యలో తాళం లేదు. రూతమ్మ పిడికిలి మూసి ఉంది. ఆమె నన్ను చూసి కన్ను కొట్టింది.

"దిగు" అంది భర్తతో.

"ఏందే?"

"దిగి తొయ్యి. పెండ్లిచూపుల్లో నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడలే. చర్చిలో మాట్లాడలే. ఈడ, ఈ మూడు దోవల కాడ, కోటు విప్పి తోస్తా తోస్తా, 'రూతూ, ఎడమకు తిప్పు' అన్యావు. నన్ను పేరు పెట్టి పిలిచింది అదే మొదలు. నా చేతికి స్టీరింగు ఇచ్చింది అదే మొదలు. ఆ పొద్దే అనుకున్యా, ఈ మనిషితో బతకొచ్చని. నువ్వేమో యాభై ఏండ్లుగా దానికి సిగ్గుపడతాండావు. చెప్పబోతే గమ్మునుండమంటివి."

దేవదానం గారు స్టీరింగు మీది నుంచి చేతులు తీశాడు. తర్వాత దిగి కోటు విప్పి ఓబులేసు చేతికిచ్చాడు. రూతమ్మ చీర సర్దుకొని స్టీరింగు ముందుకు జరిగింది. సామ్యేలు తాడు పట్టుకొని ముందుకొస్తే "తాడొద్దురా, తొయ్యి" అంది అక్క. వాడు తాడు పారేసి వెనక్కి పరిగెత్తాడు.

ఊరంతా తోసింది. పెద్దాయన ఒక చేయి డిక్కీ మీద ఆనించి, రొప్పుతూ, నవ్వుతూ, వీధి అదిరేటట్టు అరిచాడు. "రూతూ, ఎడమకు తిప్పు!" ఆమె కావాలని కుడికి తిప్పింది. అందరం గోడ దాకా పోయి, గోలగోలగా నవ్వి, మళ్ళీ వెనక్కి లాగి తోశాం.

నేనూ తోశాను. తోస్తూ అటువైపు వాళ్ళకూ ఇటువైపు వాళ్ళకూ అరిచి చెప్పాను. "ఆల్టర్నేటరు బాగుండాది! ఆల్టర్నేటరు శానా బాగుండాది!" ఎవ్వరూ వినలేదు. బ్యాండువాళ్ళు అప్పటికే మళ్ళీ ఎత్తుకున్నారు.